మరొకరి చేతి నుంచి వచ్చిన ఎలక్ట్రిక్ కారు

పాత పెట్రోలు కారు కొనబోయేవారు ముందుగా అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడుగుతారు, తరువాత బానెట్ ఎత్తించి ఇంజను శబ్దం వింటారు, నమ్మకమైన మెకానిక్కు ఎవరైనా తెలిసి ఉంటే ఆయనను వెంటబెట్టుకొని వెళ్తారు. ఎలక్ట్రిక్ కారు విషయంలో ఈ మూడూ పెద్దగా అక్కరకు రావు. వినడానికి అక్కడ ఇంజను లేదు. తగిన శిక్షణ లేని మెకానిక్కు హైవోల్టేజీ బ్యాటరీ జోలికి వెళ్లనే కూడదు. ఇక తిరిగిన కిలోమీటర్ల సంగతికి వస్తే, ఇంటి దగ్గర నెమ్మదిగా ఛార్జింగు పెట్టుకుంటూ లక్ష కిలోమీటర్లు తిరిగిన కారు బ్యాటరీ, నిండు ఛార్జితో నెలల తరబడి ఎండలో నిలబడిపోయిన కారు బ్యాటరీ కంటే ఆరోగ్యంగా ఉండవచ్చు.

హైదరాబాదులో ఉప్పల్ వైపు ఉండే మేము 2021 నాటి టాటా నెక్సాన్ ఈవీ ఒకటి దాని మొదటి యజమాని దగ్గరే నేరుగా కొన్నాము. కొన్నప్పటి నుంచి నాకు అనుభవంలోకి వచ్చిన విషయం ఒకటుంది. పాత ఎలక్ట్రిక్ కారుతో పాటు దాని ముందు యజమాని అలవాట్లు కూడా మనకు సంక్రమిస్తాయి. అవి బ్యాటరీలో ఉంటాయి, డాష్‌బోర్డు మీద కనిపించే అంకెలో ఉంటాయి, ఫోనులోని యాప్‌లో ఉంటాయి, చివరికి టైర్లలో కూడా ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా గుర్తించి మన ఇంటికీ మన దారులకీ తగినట్టు మార్చుకోవడమే తొలి నెలల్లో చేయవలసిన అసలు పని. ఇది తెలియకపోతే మంచి కారు కొనుక్కొని కూడా అనవసరంగా భయపడుతూ నడపవలసి వస్తుంది. నా స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు పాత ఎలక్ట్రిక్ కార్ల కోసం వెతుకుతున్నారు కనుక, వారికి చెప్పినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక కొలతను మనసులో పెట్టుకోవాలి. బ్యాటరీ సామర్థ్యాన్ని కంపెనీలు కిలోవాట్ అవర్లలో చెబుతాయి. మన కరెంటు బిల్లులో యూనిట్ అని రాసేది కూడా సరిగ్గా అదే. అందువల్ల 2020 జనవరిలో విడుదలైన తొలి నెక్సాన్ ఈవీలో ఉన్నది 30.2 యూనిట్ల బ్యాటరీ అనుకుంటే లెక్కలన్నీ సులభమైపోతాయి. ఆ కారుకు పరీక్షల ప్రకారం ప్రకటించిన దూరం 312 కిలోమీటర్లు. మన రోడ్ల మీద, మన ఎండల్లో, ఏసీ వేసుకొని నడిపితే 200కు అటూ ఇటూగా వస్తుంది. నాలుగైదేళ్ల తరువాత కొంటున్న కారులో ఇంకొంచెం తగ్గి ఉంటుంది. ప్రకటనలోని అంకెను పక్కన పెట్టి, మన రోజువారీ అవసరం ఎంతో ముందు లెక్క వేసుకోవాలి. రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి బ్యాటరీ పది శాతం క్షీణించినా దినచర్యలో ఏ తేడా రాదు.

మరీ పాత మోడళ్ల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇప్పుడు మన దేశంలో కార్లకు ఫాస్ట్ ఛార్జింగ్ అంటే దాదాపుగా సీసీఎస్-2 అనే ప్లగ్గే. మహీంద్రా ఈ-వెరిటో, టాటా టిగోర్ తొలి విద్యుత్ మోడళ్లు భారత్ డీసీ-001 అనే పాత పద్ధతి ప్లగ్గుతో వచ్చాయి. కొత్తగా పెడుతున్న స్టేషన్లలో ఆ ప్లగ్గు కనిపించడం అరుదు. ధర ఎంత తక్కువగా ఉన్నా, ఊరు దాటి వెళ్లే ఉద్దేశం ఉన్నవారికి అటువంటి కారు నేను సూచించను.

బ్యాటరీ సంగతి చూద్దాం. దాని ఆరోగ్యాన్ని తెలుసుకోవడానికి కంపెనీ సర్వీసు సెంటరులో పరీక్ష చేయించి, ఎంత శాతం మిగిలి ఉందో కాగితం మీద తీసుకోవడం ఉత్తమం. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదులుకోవడమే మంచిది. అయితే ఇంటి దగ్గర మనమే చేసుకోగలిగిన ఒక మోటు లెక్క కూడా ఉంది. కారు ఛార్జి పది శాతానికి తగ్గాక, విడిగా మీటరు ఉన్న సాకెట్టుకు తగిలించి నూరు శాతం నిండేదాకా వదిలేయాలి. నెక్సాన్‌లో 30.2 యూనిట్లలో తొంభై శాతం అంటే 27 యూనిట్ల చిల్లర. గోడ నుంచి బ్యాటరీలోకి చేరేలోపు వేడి రూపంలో పది పన్నెండు శాతం పోతుంది కనుక, మీటరు 30 యూనిట్ల ప్రాంతంలో చూపిస్తే బ్యాటరీ దాదాపు కొత్తదానిలాగే ఉన్నట్టు. 26 దగ్గరే నిండిపోతే సామర్థ్యం 85 శాతం ప్రాంతానికి తగ్గి ఉండవచ్చు. లేబుల్ మీద రాసిన సామర్థ్యమంతా వాడకానికి ఇవ్వకుండా కంపెనీలు పైనా కిందా కొంత అంచు వదిలిపెడతాయి కాబట్టి దీనిని ప్రయోగశాల ఫలితంగా భావించకూడదు. ఈ లెక్క విలువ పోలికలో ఉంది. కొన్న మొదటి నెలలోనే ఒకసారి చేసి రాసి పెట్టుకుంటే, ఏటేటా అదే కాలంలో మళ్లీ చేసినప్పుడు క్షీణత ఎంత వేగంగా ఉందో మనకే తెలుస్తుంది.

ఛార్జింగు అలవాటు బ్యాటరీ లోపలి రసాయనాన్ని బట్టి ఉంటుంది. నెక్సాన్‌లో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. హ్యుందాయ్ కోనా వంటి కార్లలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన రకం ఉంటుంది. ఈ రెండో రకాన్ని రోజువారీగా ఎనభై శాతం దగ్గర ఆపి, దూర ప్రయాణాల ముందు మాత్రమే పూర్తిగా నింపడం మంచి పద్ధతి. మొదటి రకానికి ఆ ఇబ్బంది తక్కువ. పైగా దానిని అప్పుడప్పుడు నూరు శాతం నింపకపోతేనే చిక్కు. ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లో ఛార్జి తగ్గుతున్నా వోల్టేజీ చాలాసేపు దాదాపు ఒకేలా ఉంటుంది కనుక, ఎంత మిగిలిందో అంచనా వేయడం బ్యాటరీని నియంత్రించే వ్యవస్థకు కష్టమవుతుంది. నెమ్మదిగా పూర్తిగా నింపినప్పుడు దానికి పై అంచు స్పష్టంగా తెలుస్తుంది, సెల్‌లన్నీ సమానమయ్యే అవకాశమూ దొరుకుతుంది. ముందు యజమాని ఎప్పుడూ దారిలోని ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర ఎనభై దాకా నింపుకొని వెళ్లిపోయే మనిషి అయితే, కొత్తగా మన చేతికి వచ్చిన కారు ఇరవై శాతం చూపిస్తూ ఉన్నట్టుండి పదికి పడిపోవచ్చు. అటువంటప్పుడు బ్యాటరీ పాడైపోయిందని కంగారు పడకుండా, ఇంటి సాకెట్టు మీద నాలుగైదు సార్లు నింపి చూడాలి. మా కారులో మొదట్లో కనిపించిన ఇటువంటి ఒడిదుడుకు ఆ విధంగానే సర్దుకుంది.

టాక్సీగా తిరిగిన కారును గుర్తించడం కూడా ఇక్కడే అవసరమవుతుంది. సొంత వాడకపు ఎలక్ట్రిక్ కారుకు ఆకుపచ్చ పలక మీద తెల్లని అక్షరాలు, కిరాయి వాహనానికి అదే ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు ఉంటాయి. కిరాయి బండిని సొంత వాహనంగా మార్పించి అమ్మడం చట్టబద్ధమే. కాని అటువంటి కారు రోజూ ఫాస్ట్ ఛార్జింగ్ మీదే బతికి ఉండవచ్చు కనుక, ఆర్సీ చరిత్రను చూసి ధర మాట్లాడుకోవాలి.

వారంటీ ఈ వ్యవహారంలో అత్యంత విలువైన కాగితం. నెక్సాన్ ఈవీ బ్యాటరీకీ మోటారుకీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మీరు చూస్తున్న కారు మోడలు ఏదైనా, ఆ హామీ యజమాని మారాక కొనసాగుతుందో లేదో, సర్వీసులు సకాలంలో చేయించకపోతే చెల్లుతుందో లేదో వారంటీ పుస్తకంలోని షరతులు చదివి, సర్వీసు సెంటరులో ఛాసిస్ నంబరు ఇచ్చి రూఢి చేసుకోవాలి. ఈమధ్య కొన్ని కంపెనీలు ప్రకటిస్తున్న జీవితకాల బ్యాటరీ వారంటీ మొదటి యజమానికే పరిమితం. కారు చేతులు మారితే అది ఇన్నేళ్లు, ఇన్ని కిలోమీటర్లు అన్న పరిమితి గల మామూలు వారంటీ అయిపోతుంది. 2024లో ఎంజీ విండ్సర్‌తో బాగా ప్రచారంలోకి వచ్చిన బ్యాటరీ అద్దె పద్ధతిలో కొన్న కార్లు కూడా ఇకపై పాత మార్కెట్లోకి వస్తాయి. అటువంటి కారు కొనేవారు కారు మీది అప్పుతో పాటు బ్యాటరీ మీది బాకీ కూడా తీరిందని వేరుగా చూసుకోవాలి.

మన రెండు రాష్ట్రాల్లో పాత కారు కొనేవారికి ఇంకొక భయం ఉంది. అది నీళ్లు. 2020 అక్టోబరులో హైదరాబాదును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తినప్పుడు రోజుల తరబడి నీళ్లలో నానిన వాహనాలకు లెక్క లేదు. బ్యాటరీ పెట్టె నీరు చొరకుండా తయారైనదే అయినా, బురద నీళ్లలో నానిన కారులో వైరింగు కనెక్టర్లు ఆ తరువాత ఎప్పుడో తుప్పు పట్టి మొరాయిస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి మడ్డి గీత ఉందేమో చూడాలి, సీట్ల కింది పట్టాలు తుప్పు పట్టాయేమో చూడాలి, ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర ఆ కారుకు పాత క్లెయిములు ఉన్నాయేమో విచారించాలి. కారు ఎంత ముద్దుగా కనిపించినా ఈ పరీక్ష మానకూడదు.

కాగితాల పని త్వరగానే చెబుతాను. యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 కావాలి. అప్పు ఉన్న కారయితే బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రంతో పాటు ఫారం 35 కావాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకో, ఇటు నుంచి అటుకో తెచ్చుకునే కారుకు ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకోవాలి, పన్ను సంగతి రవాణా శాఖ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు మన పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషికి చెందినది, కారుకు కాదు. అమ్మినవారు దానిని తమతో తీసుకువెళ్తారు కనుక ప్రీమియం కొంత పెరుగుతుంది. పాత ఫాస్టాగ్‌ను వారి చేతనే రద్దు చేయించి కొత్తది తీసుకోవాలి.

ఎలక్ట్రిక్ కారులో వీటికి తోడు యాప్ ఒకటుంటుంది. కారు ఎక్కడ ఉందో చూడడానికి, ఏసీని ముందుగా వేసుకోవడానికి, కొన్ని కార్లలో తలుపు తాళం తీయడానికి కూడా వీలు కల్పించే ఆ యాప్ ఇంకా ముందు యజమాని ఫోనులోనే పనిచేస్తూ ఉంటే అది మన కుటుంబ భద్రతకు సంబంధించిన విషయం. డబ్బు చేతులు మారే రోజునే ఇద్దరూ కూర్చొని, పాత ఖాతాను తొలగించి కొత్తది తెరవాలి. తొలగించే ముందు అందులోని ఛార్జింగు చరిత్రను మనకు చూపించమని మర్యాదగా అడిగితే చాలామంది సంతోషంగా చూపిస్తారు. బ్యాటరీ ఎలా పెరిగిందో చెప్పే జాతకం అది.

సాఫ్ట్‌వేరు సంగతి కూడా కనుక్కోవాలి. 2022 జూలైలో నెక్సాన్ ఈవీ ప్రైమ్ విడుదల చేసినప్పుడు, బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చే విద్యుత్తును ఎక్కువ తక్కువలు చేసుకునే సదుపాయం, క్రూయిజ్ కంట్రోల్ వంటివి అంతకుముందు కొన్నవారికి కూడా ఉచితంగా సాఫ్ట్‌వేరు ద్వారా ఇస్తామని టాటా ప్రకటించింది. ముందు యజమాని ఆ మార్పు చేయించుకోకుండానే అమ్మేసి ఉంటే, కొత్త యజమానికి అటువంటిది ఒకటి ఉందని తెలియదు. ఏ కంపెనీ కారయినా మొదటి సర్వీసులోనే ఈ ప్రశ్న అడగాలి.

ఇప్పుడు ఇంటి దగ్గరి ఛార్జింగు. నా దృష్టిలో కారు ఎంపిక కంటే ఇది ముఖ్యం. ఇంటి దగ్గర లేదా ఆఫీసులో రాత్రీ పగలూ నిశ్చింతగా తగిలించుకోగల సాకెట్టు ఒకటి లేనివారు ఇంకొంతకాలం ఆగడం మంచిదని నేను నిర్మొహమాటంగా చెబుతాను. ఇంటి కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చడానికి తొలి నెక్సాన్ లోపలే అమర్చిన ఛార్జరు 3.3 కిలోవాట్లది. గీజరుకు వాడే 15 ఆంపియర్ల సాకెట్టు దానికి చాలు; ఖాళీ నుంచి నిండడానికి తొమ్మిది, పది గంటలు పడుతుంది. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల పెట్టె పెట్టించినా ఈ కారు 3.3 కంటే ఎక్కువ తీసుకోదు కనుక, ఎవరైనా ఆ పెట్టెను అంటగట్టబోతే వద్దనవచ్చు.

అయితే గీజరు పావుగంట పనిచేసి ఆగిపోతుంది. కారు రాత్రంతా 14, 15 ఆంపియర్లు ఆపకుండా లాగుతుంది. అంతసేపు అంత కరెంటు నడిచేసరికి వదులైన స్క్రూ, సన్నని వైరు, నాసిరకం సాకెట్టు వేడెక్కి కరిగిపోతాయి. మీటరు బోర్డు నుంచి నేరుగా ఆ ఒక్క సాకెట్టుకే నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించాలి. మధ్యలో, కరెంటు మితిమీరితే దానంతటదే ఆగే ఎంసీబీ స్విచ్చుతో పాటు, 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైనా వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చు తప్పక పెట్టించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కారు ఛార్జింగు పెట్టడం ఎంతమాత్రం చేయకూడని పని.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎర్త్. మా అపార్టుమెంటుకు వచ్చిన ఎలక్ట్రీషియన్ టెస్టరు పెట్టి చూసి, "సార్, మూడు పిన్నుల సాకెట్టు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, ఇక్కడ మూడో వైరు గోడలోనే ఆగిపోయింది" అన్నారు. ఇది మా ఒక్క భవనం కథ కాదు. ఫ్రిజ్, టీవీ, మిక్సీ ఎర్త్ లేకపోయినా పనిచేస్తాయి కనుక ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు. కారు మాత్రం ఛార్జింగు మొదలుపెట్టే ముందే ఎర్త్‌ను పరీక్షించి, అది సరిగా లేకపోతే కరెంటు తీసుకోవడానికి నిరాకరిస్తుంది. కొత్త యజమానులు కారు చెడిపోయిందని సర్వీసు సెంటరుకు పరుగెత్తే సందర్భాల్లో చాలా వాటికి కారణం ఇదే. గొయ్యి తవ్వి, రాగి కడ్డీ దించి, వెనుకటిలా బొగ్గూ ఉప్పూ కాని, ఇప్పుడు దొరుకుతున్న రసాయన పొడి కాని నింపి కొత్త ఎర్త్ వేయించుకోవాలి. ఆ తరువాత న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ రెండు మూడు వోల్టులకు మించకుండా ఉందో లేదో చూపించమనాలి. ఎండాకాలంలో ఆ గొయ్యి ఎండిపోతుంది. అప్పుడప్పుడు నీళ్లు పోస్తూ ఉండాలి.

హైదరాబాదు అపార్టుమెంట్లలో అన్ని ఫ్లాట్ల మీటర్లూ సెల్లారులోనే ఒక బోర్డు మీద ఉంటాయి కాబట్టి, మన మీటరు నుంచి మన పార్కింగు స్థలానికి వైరు లాక్కోవడం సాంకేతికంగా తేలిక. అసోసియేషన్ అనుమతే అసలు మెట్టు. సెక్రటరీ గారి భయాలను కొట్టిపారేయకుండా, ఏ వైరు, ఏ బ్రేకరు, ఏ దారిన వస్తుందో కాగితం మీద గీసి చూపించి, ఉమ్మడి కరెంటు ఒక్క యూనిట్ కూడా వాడబోమని రాసి ఇస్తే సమస్య సగం తీరిపోతుంది. ఉన్న విద్యుత్ కనెక్షన్ నుంచే ఇంట్లోనూ ఆఫీసులోనూ వాహనం ఛార్జింగు చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. ఇప్పుడు అమల్లో ఉన్న మార్గదర్శకాల ప్రతిని కూడా జతచేయడం మంచిది. సెల్లారుల్లోకి వాన నీరు చేరే నగరం మనది కనుక సాకెట్టును నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తున పెట్టించాలి. మన కనెక్షన్ మూడు కిలోవాట్ల లోడుకే మంజూరై ఉంటే విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేసి పెంచుకోవాలి. ఏసీ, గీజరు, కారు మూడూ ఒకేసారి నడవవలసిన ఇల్లు అయితే ఈ పని వాయిదా వేయకూడదు.

ఖర్చు లెక్క ఇక్కడే చెప్పేస్తాను. ఛార్జింగులో పోయే నష్టం కూడా కలుపుకుంటే గోడ దగ్గరి ఒక యూనిట్‌కు మా కారు ఆరు కిలోమీటర్లు వస్తుంది. కారు వచ్చాక బిల్లులో పెరిగే యూనిట్లన్నీ పై శ్లాబులో పడతాయి కనుక యూనిట్ పది రూపాయలనే వేసుకున్నా, కిలోమీటరుకు రెండు రూపాయల లోపే. బయటి ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర జీఎస్టీతో కలిపి యూనిట్ ఇరవై నుంచి పాతిక రూపాయలు పడితే కిలోమీటరుకు నాలుగు రూపాయల దగ్గరికి వస్తుంది. పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుంటే, లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చే కారుకు ఏడు రూపాయలు. ఇంటి సాకెట్టు గురించి ఇంతసేపు రాయడానికి కారణం ఈ అంకెల్లోనే ఉంది.

నడపడం మొదలుపెట్టాక మొదట చేయవలసింది, డాష్‌బోర్డు మీద కనిపించే మిగిలిన దూరాన్ని నమ్మకపోవడం. గత కొంతకాలంగా కారును ఎలా నడిపారన్న దాన్ని బట్టి వేసే అంచనా అది. కొన్న వారంలో కనిపించేది ముందు యజమాని కాలు ఎలా నొక్కిందో ఆ లెక్క. ఛార్జి శాతాన్నీ, యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయన్న దాన్నీ పట్టుకోవాలి. ఛార్జింగులో పోయే నష్టం కలపకుండా, బ్యాటరీలోని ఒక యూనిట్‌కు మా కారులో నగరం లోపల ఏడు దాకా వస్తాయి. హైవే మీద 90 వేగంతో ఆరు ఆరున్నర. 110 దాటితే అయిదుకు పడిపోతుంది. గాలి నిరోధం వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, కాబట్టి 80 నుంచి 100కు వెళ్తే ఆ నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హైవే మీద ఛార్జి తరిగిపోతోందని దిగులుపడి ఏసీ కట్టేసుకొని చెమటలు కక్కేవారిని చూస్తుంటాను. ఏసీ గంటకు ఒక యూనిట్ అటూ ఇటూగా తీసుకుంటుంది. హైవే మీద ఆ గంటలో తొంభై కిలోమీటర్లు వెళ్తాం కనుక దాని భారం స్వల్పం. వేగం పది తగ్గిస్తే అంతకంటే ఎక్కువ మిగులుతుంది. ఏసీ భారం నిజంగా తెలిసేది ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా సాయంత్రపు ట్రాఫిక్కులో ఇరుక్కున్నప్పుడు.

మా అత్తగారి ఊరు విజయవాడ కనుక నేను బాగా ఎరిగిన దూర ప్రయాణం 65వ నంబరు జాతీయ రహదారి మీదిదే. దాదాపు 275 కిలోమీటర్ల ఆ దారిని 30 యూనిట్ల కారు ఒక్క ఛార్జితో దాటలేదు. సూర్యాపేట సరిగ్గా మధ్యలో ఉంటుంది. నిండు ఛార్జితో బయలుదేరి 90 వేగానికి మించకుండా వెళ్తే, అక్కడికి చేరేసరికి ముప్పై శాతం ప్రాంతంలో మిగులుతుంది. టిఫిను, కాఫీ, పిల్లల అవసరాలు ముగిసే లోపు ఎనభై అయిదు దాకా నింపుకొంటే మిగతా దారికి సరిపోతుంది. చేరవలసిన ఛార్జరు పనిచేయకపోతే ఎలా అన్నది ప్రతి కొత్త యజమాని ప్రశ్న. అందుకే పది శాతంతో కాక ముప్పై శాతంతో అక్కడికి చేరేలా ప్రణాళిక వేసుకోవాలి. చౌటుప్పల్, నకిరేకల్, కోదాడ, నందిగామల వైపు ఉన్నవాటిలో ఏవి పనిచేస్తున్నాయో బయలుదేరే ఉదయమే యాప్‌లలో చూసుకోవాలి. ఒక్క కంపెనీ యాప్‌ను నమ్ముకోకుండా మూడు నాలుగింటిలో ఖాతా తెరిచి కొద్దిగా డబ్బు వేసి ఉంచాలి. ఛార్జరు ముందు నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడడం పిల్లలతో ప్రయాణించేవారికి చాలా కష్టం.

ఫాస్ట్ ఛార్జరు మీద రాసిన అంకె చూసి తొందరపడనవసరం లేదు. ఈ కారు సున్నా నుంచి ఎనభై శాతానికి గంట తీసుకుంటుంది, అంటే సగటున 24 కిలోవాట్లు. 30 కిలోవాట్ల ఛార్జరు ఖాళీగా ఉండగా 120 కిలోవాట్ల దాని కోసం వరుసలో నిలబడితే మనకు కలిసివచ్చేది ఏమీ లేదు. ఎనభై దాటాక సెల్‌లను కాపాడడానికి వేగం బాగా తగ్గిపోతుంది. వెనుక ఎవరైనా వేచి ఉంటే, అవసరమైనంత నిండగానే తీసేసి చోటు ఇవ్వడం మర్యాద.

ఇదే దారిలో తిరుగు ప్రయాణానికి వేరే లెక్క ఉంది. హైదరాబాదు సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. విజయవాడ కృష్ణ ఒడ్డున ఇరవై మీటర్ల దగ్గర ఉంది. మనుషులతో, సామానుతో కలిపి 1,700 కిలోల కారును ఆ తేడా ఎక్కించడానికి ఒక్కదానికే దాదాపు రెండున్నర యూనిట్లు కావాలి. మన బ్యాటరీలో ఎనిమిది శాతం! వెళ్లేటప్పుడు సులభంగా చేరిన కారు తిరిగి వచ్చేటప్పుడు ఇరవై కిలోమీటర్ల దాకా తక్కువ ఇస్తే అది కారు లోపం కాదు, భూమి వాలు. వచ్చేటప్పుడు సూర్యాపేటలో ఇంకొక పది నిమిషాలు ఎక్కువ ఆగితే సరిపోతుంది.

సంరక్షణ తక్కువే అయినా కొన్ని విషయాలు మరువరాదు. ఎలక్ట్రిక్ కారులో కూడా మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఆ చిన్నది చచ్చిపోతే కారు మేల్కొనదు. నాలుగేళ్ల కారు కొన్నవారు దాన్ని పరీక్షింపజేసి, అనుమానం ఉంటే వెంటనే మార్చేయాలి. టైర్లు చూడాలి. కంపెనీ ఇచ్చినవి అరిగిపోయాక ముందు యజమాని చవకగా దొరికినవి వేయించి ఉంటే, వాటి రాపిడి ఎక్కువై యూనిట్‌కు వచ్చే దూరం కనిపించేంతగా తగ్గుతుంది. గాలి వారం వారం చూసుకోవాలి. బ్రేకులు ఎక్కువగా మోటారే వేస్తుంది కనుక ప్యాడ్లు చాలాకాలం మన్నుతాయి; అందువల్లనే బ్రేకు ఆయిలు మార్చే గడువును అందరూ మరిచిపోతారు. బ్యాటరీని చల్లబరిచే కూలెంటు గడువు కూడా అంతే. మే నెలలో మండుటెండలో తిరిగి వచ్చిన వెంటనే ఛార్జింగు పెట్టకుండా, కాసేపు చల్లబడనిచ్చి రాత్రికి పెట్టుకోవడం బ్యాటరీకి మేలు. చాలా రోజులు ఊరికి వెళ్లేటప్పుడు కారును నూరు శాతంతో కాక సగం దగ్గర వదిలి వెళ్లాలి.

2021లో రిజిస్టరయిన మా కారుకు బ్యాటరీ వారంటీ 2029తో ముగుస్తుంది. అందుకని ఏటా మీటరు లెక్కతో పాటు సర్వీసు సెంటరు పరీక్ష కాగితాన్ని కూడా ఒక ఫైలులో దాస్తున్నాను. 2028 చివరలో ఒకసారి పూర్తి పరీక్ష చేయించి, బలహీనమైన సెల్‌లు ఏవైనా ఉంటే గడువు దాటకముందే క్లెయిము పెట్టాలని నిర్ణయించుకున్నాను. మీరు కొనబోయే కారు రిజిస్ట్రేషన్ తేదీని కూడా ఈ దృష్టితోనే చూడండి. ధర మాట్లాడేటప్పుడు తిరిగిన కిలోమీటర్ల కంటే వారంటీలో ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉన్నాయన్నదే ముందుకు రావాలి.